నా బ్యాగు ఎవరూ విప్పలేదు

"పిన్నీ, మీ స్కూల్లో పోలీసు ఉండేవాడా?" అని మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మా అక్క కూతురు అడిగింది. అది సౌత్ కరోలినాలో తొమ్మిదో తరగతి. నడుముకి తుపాకీ పెట్టుకున్న పోలీసు ఒకాయన రోజూ వాళ్ల స్కూల్లోనే ఉంటాడట. దీన్ని చూస్తే నవ్వుతూ పలకరిస్తాడట. పక్క సీట్లో కూర్చునే నల్లజాతి అమ్మాయి మాత్రం ఆయన కనపడగానే ఫోన్ బ్యాగులో తోసేసి గోడవారగా వెళ్లిపోతుందట. "తనకి ఎందుకంత టెన్షనో!" అంది.

2015లో అదే రాష్ట్రంలో, స్ప్రింగ్ వ్యాలీ హైస్కూల్లో, ఫోన్ గొడవలో క్లాసులోంచి లేచి వెళ్లనన్న నల్లజాతి అమ్మాయిని పోలీసు కుర్చీతో సహా వెనక్కి పడేసి ఈడ్చాడు. ఇదేం పని అని అడ్డుచెప్పిన ఇంకో అమ్మాయినీ అరెస్టు చేశారు. బడికి అంతరాయం కలిగించడం అక్కడ నేరమట! 2018లో చట్టం మార్చి విద్యార్థుల్ని దాన్నుంచి తప్పించారు. 2017-18 ప్రభుత్వ లెక్కల్లో అమెరికా ప్రభుత్వ బడుల పిల్లల్లో నల్లజాతివాళ్లు 15 శాతం, బడిలో అరెస్టయినవాళ్లలో దాదాపు 32 శాతం. 1999లో అక్కడి కొలంబైన్ హైస్కూల్లో కాల్పుల తర్వాత బడుల్లో పోలీసుల్ని బాగా పెంచింది తుపాకుల భయంతో.

"మా బడిలో పోలీసులెక్కడే?" అనేశాను. కాల్ పెట్టేశాక గుర్తొచ్చింది.

1996, బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర మా బడి. ఎనిమిదో తరగతి. ఎక్స్‌కర్షన్ డబ్బుల కవరు కనపడలేదని హెడ్‌మాస్టరు స్టేషన్‌కి కబురు పెట్టారు. కానిస్టేబుల్ వచ్చి లాఠీ టీచర్ బల్ల మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి చాక్‌పీసుల డబ్బాకి తగిలి ఆగింది. ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. "ఎల్లి మనె?" కన్నడలో, ఇల్లెక్కడ అని.

ముగ్గురిని నిలబెట్టాడు. ముగ్గురి అమ్మలూ వీధులూడ్చే పౌరకార్మికులు. ముగ్గురూ తెలుగువాళ్లే, మాలాగే. మాది ఫ్యాక్టరీ క్వార్టర్స్, వాళ్లవి కాలవ పక్కన రేకుల ఇళ్లు. "వాళ్ల తెలుగు వేరు" అనేది మా అమ్మ. ఆ 'వేరు'లో ఉన్నది యాస కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అమెరికా రంగూ మన కులమూ ఒకటే అనను. ఇక్కడ మొహం చూస్తే తెలియదు కాబట్టి అడ్రస్ అడిగాడు.

బ్యాగులు కుమ్మరించాడు. తర్వాత టిఫిన్ డబ్బాలు. ఒకమ్మాయి డబ్బాలో రాగి ముద్ద ఉంటే, జేబులో పెన్ను తీసి దాన్ని పొడిచి చూశాడు. పెన్ను తుడుచుకోవడానికి ఆ అమ్మాయి నోట్సు కాగితమే చింపాడు. ఆ పిల్ల మధ్యాహ్నం అదే ముద్ద తినింది.

ఇప్పుడైతే పిల్లలతో మాట్లాడే పోలీసులు వీలైనంతవరకు మఫ్టీలో ఉండాలని 2016 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) నియమాల్లో రాశారు. అదీ మంచిదే.

కవరు దొరికిందో లేదో గుర్తులేదు. నా బ్యాగులో జామెట్రీ బాక్సు కింద మడిచిపెట్టిన యాభై రూపాయల నోటు మాత్రం గుర్తుంది. పొద్దున్నే నాన్న చొక్కా జేబులోంచి తీసింది. నా వంతు వచ్చినప్పుడు "క్వార్టర్స్" అన్నాను. కూర్చోమన్నాడు.