అనిమేలో సిలువ కనబడితే: సండే స్కూల్ టీచర్లకు, అమ్మానాన్నలకు

కడప, కర్నూలు, అనంతపురం సంఘాల్లో సండే స్కూల్ నడిపే అక్కలకీ అన్నలకీ ఈమధ్య అనిమే గురించి, అంటే జపాన్‌లో తీసే బొమ్మల సినిమాల గురించి, ధారావాహికల గురించి, రెండు ప్రశ్నలు తరచుగా ఎదురవుతున్నాయి. "అక్కా, ఈ అనిమేలో సిలువ ఉంది, అంటే ఇది మనోళ్లు తీసిందేనా?" అని పిల్లోడు అడుగుతాడు. "దాంట్లో దయ్యాలున్నాయంట, చూడనియ్యొచ్చా?" అని వాళ్లమ్మ అడుగుతుంది. ఔననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేస్తే పిల్లలు మనల్ని అడగడం మానేస్తారు గానీ చూడటం మానరు. జపాన్‌లో బొమ్మల సినిమా ఎట్లా పెరిగింది, అక్కడ క్రైస్తవ విశ్వాసానికి ఏం జరిగింది అనే రెండు చరిత్రల్నీ కలిపి చదివితే జవాబు దొరుకుతుంది. గుర్తుల్ని బట్టి లెక్కేస్తే మాత్రం మోసపోతాం. సిలువలు కుప్పలుగా కనబడే అనిమేల్లో సువార్త దాదాపు ఉండదు.

జపాన్‌కి సువార్త 1549లో క్యాథలిక్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమాలో దిగడంతో వచ్చింది. 1597లో నాగసాకిలో 26 మంది క్రైస్తవుల్ని సిలువ వేసి చంపారు. 1614లో క్రైస్తవ్యాన్ని దేశమంతటా నిషేధించారు. 1637-38లో ఎక్కువగా క్రైస్తవ రైతులు చేసిన షిమబరా తిరుగుబాటును అణిచాక విశ్వాసి అని బయటపడితే ప్రాణం మీదికొచ్చేది. యేసుదో మరియదో రూపమున్న పలకను నేలమీద పెట్టి, ఊళ్లోవాళ్లను ఒక్కొక్కరినీ దానిమీద కాలు పెట్టమనేవాళ్లు. వెనకాడినవాడు దొరికిపోయినట్టే. ఆ పలకను ఫుమి-ఎ అంటారు. 1873లో గానీ నిషేధం పోలేదు. ఇప్పటికీ అక్కడ క్రైస్తవులు నూటికి ఒక్కరే. కాబట్టి అనిమే గీసేవాళ్లలో చాలామంది ఆరాధనలో కూర్చుని ఎరగరు. మన పిల్లలకి సమురాయ్ కత్తి ఎంత వింతగా, ఎంత అందంగా కనబడుతుందో వాళ్లకి సిలువ అట్లా కనబడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

జపాన్‌లో మొదటి బొమ్మల సినిమాలు 1917లో వచ్చాయి. అవి రెండు మూడు నిమిషాల హాస్యపు ముక్కలు. యుద్ధకాలంలో ప్రభుత్వం ఈ కళను తన పనికి వాడుకుంది. 1945లో నౌకాదళం తీయించిన, జానపద కథల వీరుడు మొమొతారో సినిమా 74 నిమిషాలు నడుస్తుంది. అందులో బ్రిటిష్ సైనికులకు కొమ్ములు పెట్టి రాక్షసులుగా చూపించారు. అదే ప్రభుత్వం 1941లో ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావాటిని కలిపి ఒకే సంస్థ కిందికి తెచ్చింది. అంటే అక్కడి సినిమావాళ్ల మీదా సంఘాల మీదా ఒకే చెయ్యి పడింది.

1963 జనవరి 1న బొమ్మల కథల రచయిత ఒసాము తెజుకా తీసిన 'తెత్సువాన్ ఆటం' (ఆస్ట్రో బాయ్ అనే మరబాలుడి కథ) టీవీలో మొదలైంది. వారానికొక అరగంట భాగం ఇయ్యాలి, డబ్బు తక్కువ. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములు నిలబెడితే సెకనుకు 8 బొమ్మలతో సరిపోతుంది. మనిషి మాట్లాడేటప్పుడు నోరు మాత్రమే గీస్తారు. ఎగిరే దృశ్యం, పరుగెత్తే దృశ్యం దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడతారు. మొహం కదలకుండా కళ్లు మాత్రం నీళ్లతో మెరిసే ఆ పద్ధతి ఈ పొదుపులోంచే పుట్టింది. "బొమ్మ సరిగ్గా కదలడంలేదు, నాసిరకం" అని పాత బైబిల్ అనిమేలను తీసిపారేసేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి.

క్రైస్తవ పాఠకుడు పక్కపక్కన పెట్టి చూడాల్సిన రెండు ధారావాహికలు ఉన్నాయి. 1974లో ఇసావో తకహతా తీసిన హైడీ, 1975లో యోషియో కురోదా తీసిన ఫ్లాండర్స్ కుక్క. ఒక్కోటి 52 భాగాలు. హైడీ అంటే స్విట్జర్లాండ్ కొండల్లో తాతయ్య దగ్గర పెరిగే పాప కథ. దాని మూల నవలలో తాతయ్య మనసు మారేది తప్పిపోయిన కుమారుని కథ విన్నాకే. ఆ తరవాతే ఆయన ఎన్నో ఏళ్లకు గుడి మెట్లెక్కుతాడు. అనిమేలో ఈ భక్తి భాగాన్ని బాగా తగ్గించేశారు. కొండలు, మేకలు, వేడి జున్ను మిగిలాయి. చాలా అందమైన పనే, కానీ నవలకు వెన్నెముక అదే కదా అనిపిస్తుంది నాకు.

ఫ్లాండర్స్ కుక్కలో దారి వేరు. నెల్లో అనే పేద అనాథకు ఆంట్‌వెర్ప్ గుడిలో రూబెన్స్ గీసిన రెండు చిత్రాలు చూడాలని కోరిక. ఒకటి సిలువ ఎత్తుతున్నది, రెండోది క్రీస్తు దేహాన్ని సిలువ మీదనుంచి దించుతున్నది. డబ్బు కట్టినవాళ్లకే తెర తీస్తారు. చివరికి క్రిస్మస్ రాత్రి, ఊరంతా తలుపులేసుకున్నాక, ఆ చిత్రాలు కంటినిండా చూసి, కుక్కను పట్టుకుని చలికి చనిపోతాడు. దేవదూతలు దిగివచ్చి ఇద్దరినీ తీసుకుపోతారు. జపాన్‌లో దీనికి ఏడవని తరం లేదంటారు. పదేళ్లలోపు పిల్లలకి చూపించొద్దని నా మాట. కష్టమొస్తే చచ్చిపోవచ్చు, దూతలొచ్చి తీసుకుపోతారు అని వాళ్లు అర్థం చేసుకునే ప్రమాదముంది. పెద్ద పిల్లలకి చూపిస్తే దూతల దగ్గర ఆగకండి. మిల్లు తగలబెట్టాడని నెల్లో మీద నింద వేసిన ఊరి దగ్గర ఆగండి. మత్తయి 25లో "ఆకలిగొంటిని" అన్న మాట చదివించి, ఆ రాత్రి ఎవరెవరు తలుపు తీయాల్సిందో పిల్లల చేతే చెప్పించండి.

నేరుగా బైబిల్ కథలే తీసినవాటిలో ముఖ్యమైనవి తత్సునోకో స్టూడియోవి. అమెరికా క్రైస్తవ సంస్థ సీబీఎన్‌తో కలిసి 1981 నుంచి 1983 మధ్య సూపర్‌బుక్ 26, ఫ్లయింగ్ హౌస్ 52, మళ్లీ సూపర్‌బుక్ రెండో వరస 26 భాగాలు తీశారు. మొత్తం 104. సూపర్‌బుక్ పిల్లల్ని పాత నిబంధన కాలానికి ఎక్కువగా తీసుకుపోతుంది, ఫ్లయింగ్ హౌస్ యేసు కాలానికి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి: ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌తో పిల్లలు చూసే సూపర్‌బుక్ 2011లో మొదలైన కంప్యూటర్ బొమ్మల వరస, పాత జపాన్ బొమ్మలు కావు. వీబీఎస్‌కి డౌన్‌లోడ్ చేసుకునేముందు ఏది కావాలో చూసుకోండి.

వాటికన్ అడిగితే తెజుకా మొదలుపెట్టిన బైబిల్ వరస ఇంకొకటి. ఇటలీ ప్రభుత్వ టీవీతో కలిసి తీసింది, 26 భాగాలు. తెజుకా 1989లో చనిపోయాడు, ఒసాము దెజాకి నిర్దేశకత్వంలో పూర్తయింది. 1992లో ఇటలీలో వచ్చింది. సృష్టి నుంచి యేసు పుట్టుక దాకా సాగుతుంది. ఇందులో రోకో అనే నక్క అన్ని కథల్లోనూ తిరుగుతుంటుంది. ఆదికాండంలో నక్క లేదు కదా, కాబట్టి చూపించే ముందే పిల్లలకి చెప్పండి. లేకపోతే పరీక్షలో "నోవహు ఓడలో రోకో" అని రాసేస్తారు. ఏ భాగమైనా పదో పన్నెండో నిమిషాల దగ్గర ఆపి, లేఖనం తెరిచి, ఏది వాక్యంలో ఉంది, ఏది చిత్రకారుడు కలిపాడు అని వేరుచేయిస్తే పాఠం నిలుస్తుంది. ఏకబిగిన 25 నిమిషాలు ఆడిస్తే బొమ్మ తప్ప ఏం గుర్తుండదు.

ఇక సిలువలు కుప్పలుగా కనబడేది 1995 నాటి ఎవాంగెలియన్. పేలుడు సిలువ ఆకారంలో లేస్తుంది, నేలమాళిగలో తెల్లటి రాక్షసదేహాన్ని సిలువకు కొట్టి ఉంచారు, లాంగినస్ ఈటె ఉంది. యోహాను 19:34లో ప్రభువు ప్రక్కను పొడిచిన సైనికుడికి పేరే లేదు. లాంగినస్ అన్నది తరవాతి సంప్రదాయం. అందులో కనబడే లిలిత్ అనే ఆడ దయ్యం యూదుల పాత కథల్లోది, కబ్బాలా వృక్షం యూదుల మార్మిక సంప్రదాయంలోది. దాన్ని తీసిన జట్టులో పనిచేసిన కజుయా త్సురుమాకి, తమలో క్రైస్తవులెవరూ లేరని, ఆ గుర్తులు కొత్తగా కనబడతాయని వాడామని తర్వాత బహిరంగంగానే చెప్పాడు. కాబట్టి దాంట్లో దాచిన సువార్త గానీ దాచిన దేవదూషణ గానీ వెతకనక్కర్లేదు. దాని అసలు విషయం తండ్రి పట్టించుకోని పద్నాలుగేళ్ల కొడుకు ఒంటరితనం. అందుకే అది పిల్లల్ని పట్టేస్తుంది. లైంగిక దృశ్యాలు, తీవ్రమైన మానసిక వేదన ఉన్నాయి, ఇంటర్ దాటనివాళ్లకి వద్దు.

పోకెమాన్ సంగతి భయపడేవాళ్ల కోసం వివరంగా చెప్పాలి. 1997 డిసెంబర్ 16న ఒక భాగం చూస్తూ జపాన్‌లో పిల్లలు పడిపోయారు, 685 మందిని ఆసుపత్రులకు తీసుకుపోయారు. దీన్ని దురాత్మ పనిగా చెప్పే ప్రసంగాలున్నాయి. కారణం తెరమీదే ఉంది: ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మారుతూ కొన్ని సెకన్లు మెరిశాయి. అట్లాంటి మెరుపు కొందరి మెదడులో మూర్ఛ తెప్పిస్తుంది. ఆ తరవాత టీవీలు మెరుపుల మీద హద్దులు పెట్టుకున్నాయి. చర్చి హాల్లో ప్రొజెక్టర్ పెట్టేటప్పుడు ఇది మనకూ వర్తిస్తుంది. హాలంతా చీకటి చేయొద్దు, ఒక వరస లైట్లు ఉంచండి. పిల్లల్ని తెరకు ఆనించి కూర్చోబెట్టొద్దు. మెరుపు మొదలైతే ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసుకోమనండి, రెండు కళ్లూ చూస్తేనే ప్రమాదం ఎక్కువ. ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏదీ కుక్కొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన చేయండి, ఫోన్ ఆపకండి.

డీమన్ స్లేయర్ అనిమే సినిమా 2025 సెప్టెంబర్‌లో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. అందులో 'ఒని'లు, అంటే రాక్షసులు, ఒకప్పటి మనుషులే, వాళ్ల నాయకుడు ముజాన్ రక్తం సోకి మారినవాళ్లు. మన సాతాను కథ కాదది. కథానాయకుడు తంజిరో తాను చంపిన ఒని కోసం కూడా దుఃఖిస్తాడు, అది పిల్లలతో మాట్లాడదగిన విషయం. తలలు తెగే హింస మాత్రం గట్టిగానే ఉంటుంది.

యువజన కూటమికి ఒక్కటే చూపించాలంటే నా ఎంపిక 2019 నాటి విన్లాండ్ సాగా అనే వైకింగ్ యోధుల ధారావాహికలో 18వ భాగం. ముందు కథ రెండు నిమిషాల్లో చెప్పాలి, లేకపోతే రాజకుమారుడు కానూట్ ఎందుకు మారిపోయాడో అర్థం కాదు. హింస ఎక్కువ, 18 నిండినవాళ్లకే. తాగుబోతు పూజారి విల్లిబాల్డ్ మంచులో కూర్చుని, నీకు నిన్ను పెంచిన రాగ్నార్ మీద ఉన్నది ప్రేమ కాదు, అది పక్షపాతం అంటాడు కానూట్‌తో. అందరినీ సమానంగా చూసేదే ప్రేమ అయితే అది మనుషుల్లో ఎక్కడుంది అని అడుగుతాడు. అది విన్న కానూట్ దేవుని మీద తిరగబడి, స్వర్గాన్ని ఈ భూమ్మీద నేనే కడతానంటాడు. అక్కడ ఆపండి. 1 కొరింథీ 13 చదివించి, పూజారి చెప్పింది ఎంతవరకు నిజం, కానూట్ ఏ మెట్టు దగ్గర దారి తప్పాడు అని అడగండి.