పాపకి పాత పంచెల లంగోటీలు, ముసురులో కూడా ఆరినవి

చంటిపిల్లకి డైపర్లు, తుడిచే గుడ్డలు, రాసే నూనె అన్నీ ఇంట్లోనే చేసుకున్నాను అంటే మా వైపు ఎవరూ ఎలా కుట్టావని అడగరండి, ముసురులో ఎలా ఆరబెట్టావనే అడుగుతారు. అడగాల్సింది కూడా అదే. మాది అంతర్వేది దగ్గర పల్లెటూరు, పురుడు పుట్టింట్లో పోసుకుని పాపని తీసుకుని వచ్చేసరికి శ్రావణం, వాన పట్టుకుందంటే రోజుల తరబడి వదలదు, బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. ఈ రెండిటికీ తట్టుకునే గుడ్డ ఏదో అదే మాకు పనికొచ్చే డైపర్.

కొన్నవి వద్దనుకోడానికి అసలు కారణం కాలవ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాలో తాగేదీ, చేలు తడిపేదీ ఆ కాలవల నీళ్ళే కదా, మా మంచినీళ్ళ చెరువు నిండేదీ అలాగే, మరి ఆ గట్టు మీదే ఉబ్బిపోయిన డైపర్లు గుట్టలుగా పడుంటాయి. వాటి లోపల సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి ఉంటుంది, అది తడిని పీల్చి జెల్లీలాగా అయిపోద్ది, దాని చుట్టూ ప్లాస్టిక్ పొరలు, ఏళ్ళు గడిచినా అలాగే పడుంటాయి. 2016 నాటి చెత్త నిర్వహణ రూల్స్‌లోనే వీటిని విడిగా చుట్టి ఇవ్వాలని పెట్టారు, కానీ చుట్టినవి తీసుకెళ్ళే బండి కూడా రావాలి కదండీ. పసిపిల్ల రోజుకి పది పన్నెండుసార్లు తడుపుతుంది, ఆ లెక్కన నా వాటా కూడా ఆ గట్టు మీదకి చేర్చడం నాకు ఇష్టం లేదు.

మా పిన్ని హైదరాబాద్ నుంచి రెడీమేడ్ క్లాత్ డైపర్లు తెచ్చింది, పైన టిచ్ బటన్లున్న కవరు, లోపల దళసరి ప్యాడు. కవరు బాగుంది, ఫ్యాన్ కింద గంటలో ఆరుతుంది. ప్యాడు మాత్రం పొరల మీద పొరలు వేసి కుట్టేశారు, వానాకాలంలో ఉతికితే మర్నాటికి కూడా లోపల చెమ్మగానే ఉండేది, పైన ముట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన. అత్తయ్యగారు చూసి "అమ్మాయ్, కుట్టేసినదానికి గాలెలా తగులుద్దే, విప్పితే పల్చన, మడిస్తే దళసరి, అలా ఉండాలి గుడ్డ" అన్నారు. నేను చేసినదంతా ఆ మాట మీదే నడిచింది.

మావయ్యగారి పాత నూలు పంచెలు తీశాం. నాలుగు గజాల పంచె, వెడల్పు యాభై అంగుళాలు, కత్తెరతో అంచు దగ్గర కొంచెం గాటు పెట్టి రెండు చేతులతో లాగితే పోగు వెంటే చర్రున చిరుగుతుంది, గీత గీసి కత్తిరించినా అంత నేరుగా రాదు. పాతిక అంగుళాల చదరాలు చేస్తే ఒక పంచెకి పది వస్తాయి, నడుం దగ్గర అరిగిపోయిన చోటు వదిలేస్తే ఎనిమిది. పాతది ఎందుకంటే ఎన్నో ఉతుకులకి గంజీ, నేతలో ఉండే నూనె పసరూ పూర్తిగా పోయి నీటి చుక్క పడగానే పీల్చేస్తుంది. కొత్త గుడ్డ మీద చుక్క కాసేపు ముత్యంలా నిలబడి జారిపోతుంది. కొత్తదే వాడాలనుకుంటే నాలుగైదుసార్లు వేన్నీళ్ళలో ఉతికాకే వాడండి.

చదరాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు పొరలు, దాన్ని నిలువుగా మూడు మడతలు వేస్తే పన్నెండు పొరలు, అంగుళాల్లో చెప్పాలంటే పన్నెండున్నర పొడవు, నాలుగు పైచిలుకు వెడల్పు ఉన్న ప్యాడ్. ఉతికి విప్పి ఆరేస్తే మళ్ళీ ఒకే పొర! రాత్రికి మాత్రం మధ్యలో పాత టర్కీ టవలు ముక్క ఒకటి పెట్టేదాన్ని. పగలు ఇంట్లో ఉన్నంతసేపూ కవరు లేదు, ముక్కోణంగా మడిచి ముందు ముడి వేసే మామూలు లంగోటీయే, తడిసిన వెంటనే తెలుస్తుంది, మార్చేస్తాం. బయటికెళ్తేనే కవరు. అది పాలిస్టరే, దాని మీద నీళ్ళు దిగని పూత ఉంటుంది, అందుకని నావి నూటికి నూరుపాళ్ళూ నేచురల్ అని నేను చెప్పను. చలిదేశాల్లో ఉన్ని కవర్లు వాడతారు, మన ఉక్కలో అది పిల్లకి శిక్షే.

తుడిచే గుడ్డలకి అమ్మ పాత మల్లు చీర. అరచేతికి కొంచెం పెద్ద ముక్కలు, అంచులు మాత్రం తప్పకుండా కుట్టించాను, ఇక్కడ నిర్లక్ష్యం చేయకండి, ఊడిన పోగు పసిపిల్ల కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది, కంటికి కనపడదు కూడా. తడిపేందుకు కాచి చల్లార్చిన నీళ్ళు, అంతే. సెంటు నూనెలూ సబ్బు నురగా కలిపి సీసాల్లో నిలవ చేయమంటారు కొందరు, నిలవ మందు లేని నీళ్ళు మన వేడికి త్వరగా పాడైపోతాయి, అందుకే ఏ రోజువి ఆ రోజే, సాయంత్రానికి మిగిలినవి పారబోత. ఆడపిల్లయితే ముందు నుంచి వెనక్కే తుడవాలి, మలం మూత్రం దారిలోకి పోకూడదు.

నూనె అమ్మ చేసి పంపింది. అంబాజీపేట దగ్గర మా పుట్టిల్లు, కొబ్బరికి కొదవ లేదు, ముదురు కాయలు కోరి, పాలు పిండి, సన్న సెగ మీద కాస్తూ ఉంటే నీరంతా ఇగిరి అడుగున తెట్టు బంగారు రంగుకి తిరుగుతుంది, అప్పుడు పైన నూనె తేటగా నిలుస్తుంది, ఆ వాసనకి వీధంతా తెలుస్తుంది. దీన్ని పాప ఒంటికి పల్చగా రాయాలి, ఎక్కువైతే గుడ్డకి పట్టి అది నీరు పీల్చడం మానేస్తుంది. నూనె రాసిన రోజు లోపల ఒక మల్లు ముక్క విడిగా పరిచేదాన్ని. పౌడరు మాత్రం అసలు వాడలేదు, ఆ దుమ్ము పిల్ల ఊపిరిలోకి పోతుంది, బోరిక్ యాసిడ్ ఉన్నదైతే ఒరుసుకుపోయిన చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది కూడా.

అసలు యుద్ధం ఉతకడంలో. ఉప్పు బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు, ఆ నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి తెట్టులా గుడ్డకే పట్టేస్తుంది, ఆరాక లంగోటీ అట్టలా నిలబడుతుంది, పీల్చదు, పైగా పిల్లకి గరుకు. కుంకుడుకాయ రసానికి ఈ తెట్టు బాధ లేదు. గింజలు తీసిన కుంకుళ్ళు రాత్రి నానేసి పొద్దున్నే పిసికి వడకట్టి ఆ రసంలో ఉతికి, జాడించడం మాత్రం పంచాయతీ కుళాయి నీళ్ళతోనో, చూరు కింద పట్టిన వాన నీళ్ళతోనో. వరద రోజుల్లో కాలవ ఎర్రగా పారుతుంది, కుళాయిలో కూడా ఆ రంగే, అప్పుడు బిందెలో పటిక ముక్క తిప్పి, తేరాక పైనీళ్ళు వాడాం, అత్తయ్యగారైతే చిల్లగింజ అరగదీసి కలిపేవారు. మెత్తదనం కోసం వేసే లిక్విడ్లు వద్దు, అవీ పొరలా పట్టుకుంటాయి.

ఆరేయడానికి వంటింటి వసారాలో చూరు కింద వెదురు దండెం, ఒకదానికొకటి తగలకుండా, ఇంకా చెమ్మగా ఉంటే వేడి ఇస్త్రీ. ఎండ కాసిన రోజు అన్నీ పెరట్లోకే, పసుపు మరకలు ఎండకే పోతాయి, మందులు అక్కర్లేదు. అన్నప్రాశన దాకా తల్లిపాల విరేచనం నీళ్ళకే కరిగిపోతుంది, ఆ తర్వాత మాత్రం ముందు మరుగుదొడ్లో దులిపి, అప్పుడు నానేయాలి. అప్పటికే అత్తయ్యగారు పాపని కాళ్ళ మీద కూర్చోబెట్టి సూ సూ అని అలవాటు చేస్తుండేసరికి గుడ్డలు సగానికి తగ్గాయి.

ఒకసారి తొడ మడతల్లో ఎర్రగా వచ్చి చుట్టూ చిన్న చిన్న చుక్కలు తేలాయి, నూనెకి తగ్గలేదు, పిల్లల డాక్టరుగారు ఫంగస్ అని చెప్పి ఆయింట్‌మెంట్ రాశారు, రోజూ కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదిలేయమన్నారు. ఇలా చుక్కలు కనపడితే వంటింటి వైద్యం చేసుకుంటూ కూర్చోకండి.

ఇప్పుడు మా చిన్నాడపడుచుకి ఏడో నెల. కాకినాడలో ఫ్లాటు, ఆరేయడానికి చిన్న బాల్కనీ తప్ప ఏమీ లేదు, ఒంటి పొర గుడ్డ కాబట్టి ఫ్యాన్ కిందైనా ఆరతాయని చెప్పాను. చిరుగులు లేనివి ఏరి వేన్నీళ్ళలో మరిగించి ఇస్త్రీ చేసి కట్టిపెట్టాను, టర్కీ ముక్కలు మాత్రం అక్కడే చేసుకోమన్నాను, మావి ఉప్పు నీళ్ళకి గట్టిపడిపోయాయి.