ఎంఏ ఇంగ్లిష్: గైడు కన్నా ముందు అన్వయం

ఎంఏ ఇంగ్లిష్‌లో చేరినవాళ్లు చాలామంది మొదటి సెమిస్టర్‌లోనే ఒక తప్పు చేస్తారు. సిలబస్‌లో చాసర్, మిల్టన్ లాంటి పాత ఇంగ్లిష్ కవుల పేర్లు చూడగానే గాభరాపడి జిరాక్స్ సెంటర్‌కి పరుగెడతారు. అక్కడ దొరికే నోట్స్‌లో కవి జీవితం, రచనల జాబితా, కథాసారం ఉంటాయి. అసలు పద్యం మాత్రం ఉండదు. పరీక్షలో నాలుగు లైన్లిచ్చి సందర్భం చెప్పి వివరించమంటే పెన్ను ఆగిపోయేది అందుకే.

దీనికి మందు మన దగ్గరే ఉంది. హైస్కూల్లో తెలుగు మాస్టారు పద్యం ఎలా చెప్పేవారో గుర్తు తెచ్చుకోండి. ముందు పైకి చదవడం, తర్వాత ప్రతిపదార్థం, అన్వయం (మాటల్ని మామూలు వాక్య క్రమంలో పేర్చుకోవడం), చివర్లో తాత్పర్యం. మిల్టన్‌కి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

మిల్టన్ కావ్యం ప్యారడైజ్ లాస్ట్ బుక్ వన్ తెరవండి. మొదటి వాక్యమే 16 లైన్లు. “ఆఫ్ మ్యాన్స్ ఫస్ట్ డిసొబీడియన్స్” అని ఎత్తుకుని ఐదు లైన్లు గడిచినా ప్రధాన క్రియ రాదు. ఆరో లైను మొదట్లో, సరిగ్గా 39వ మాటగా, “సింగ్” వస్తుంది. ఇంగ్లిష్ వాక్యం కదా, కర్త, క్రియ ముందే దొరుకుతాయని వెతికేవాళ్లు రెండో లైనుకే దారి తప్పుతారు. పెన్సిల్‌తో ఆ “సింగ్” చుట్టూ సున్నా చుట్టండి. ఎవరు పాడాలి? హెవెన్లీ మ్యూజ్, అంటే కవి ప్రార్థించే కావ్యదేవత. దేన్ని గురించి? ముందు “ఆఫ్”తో మొదలైనదంతా: మనిషి తొలి ధిక్కారం, ఆ నిషిద్ధ ఫలం. దాని రుచి ఏం చేసింది? చావునీ దుఃఖాన్నీ తెచ్చింది, ఈడెన్‌ని పోగొట్టింది. ఎప్పటిదాకా? ఇంకా గొప్పవాడొకడు వచ్చి దాన్ని తిరిగి సంపాదించిపెట్టేదాకా. ఇప్పుడు ఇదంతా తెలుగులో చెప్పి చూడండి. “మనిషి తొలి ధిక్కారాన్ని గురించి...” అని మొదలుపెట్టి “పాడు” అని ముగిస్తే వాక్యం సహజంగానే ఉంటుంది. క్రియ కోసం చివరిదాకా ఆగడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మిల్టన్ దగ్గర అది మనకి కలిసొస్తుంది.

బుక్ వన్‌లో ఉన్నవి 798 లైన్లు. రోజుకి 40 చొప్పున 20 రోజుల్లో అయిపోతుంది. చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’కి ముందుమాట లాంటి జనరల్ ప్రొలోగ్ 858 లైన్లు, ఇంచుమించు అంతే. అక్కడ చిక్కు అన్వయంలో కన్నా పాత మాటల్లోనూ స్పెల్లింగుల్లోనూ ఎక్కువ. కాబట్టి పేజీ అడుగునో పక్కనో అర్థాలిచ్చిన ప్రతి కొనుక్కోండి. ఆధునిక వచనంలోకి మార్చినదొక్కటే చదివితే ప్రాసలు పోతాయి, వాటితోపాటు సగం చమత్కారం పోతుంది.

నవలలకి ఇంత శ్రమ అక్కర్లేదు. అధ్యాయానికి సొంత మాటల్లో రెండు లైన్లు, పేజీ నంబరుతో ఒక వాక్యం రాసుకుంటే చాలు.

క్రిటిసిజం (సాహిత్య విమర్శ) పేపర్‌లో మాత్రం మళ్లీ నెమ్మదించాలి. కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ 1919లో రాసిన ‘ట్రెడిషన్ అండ్ ది ఇండివిడ్యువల్ టాలెంట్’ వ్యాసం మీద “కవికి సొంత భావాలు ఉండకూడదు” అని రాసేస్తుంటారు. ఎలియట్ అన్నది అది కాదు. ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్నచోట ప్లాటినం తీగ పెడితే చర్య జరుగుతుంది, తీగ మాత్రం మారదు. కవి మనసు ఆ ప్లాటినం అన్నాడు. వ్యక్తిత్వం, భావోద్వేగాలు ఉన్నవాళ్లకే వాటినుంచి తప్పించుకోవాలని అనిపించడమంటే ఏమిటో తెలుస్తుందని అదే వ్యాసంలో చెప్పాడు. ఈ రెండో మాట గైడ్లలో జారిపోతుంది, ఆన్సర్ తలకిందులవుతుంది. బీఎస్సీ చదివి వచ్చినవాళ్లకి ఉత్ప్రేరకం సంగతి ముందే తెలుసు కాబట్టి ఈ ప్రశ్న వాళ్లు అద్భుతంగా రాయొచ్చు.

ఇంకా ప్రవేశ పరీక్ష దగ్గరే ఉన్నవాళ్లకి ఒక మాట. తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో 100 బిట్లు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కటి కూడా వదలకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి రాసే సీయూఈటీ పీజీలో 75 బిట్లు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో రెండైనా కొట్టేయగలిగితేనే ఊహించండి.

మార్కుల విషయంలో మొదటి సెమిస్టర్‌ని తేలిగ్గా తీసుకోకండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌కి జనరల్ అభ్యర్థులకి పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకి 50. రౌండాఫ్ చేయరు, 54.9 అంటే 54.9నే. నాలుగో సెమిస్టర్‌లో లెక్క వేసుకుని బాధపడేకన్నా, మార్కులు తగ్గిన పేపర్లకి ఇంప్రూవ్‌మెంట్ రాయనిస్తారో లేదో, ఇస్తే ఎన్నాళ్లలోపు రాయాలో మీ యూనివర్సిటీ పరీక్షల విభాగంలో చేరిన నెలలోనే కనుక్కోండి.