తపసు మానుకు చోటు వదలండి

కువైట్‌లో పార్కులకు డ్రిప్పు పైపులు వేసే కాంట్రాక్టరు దగ్గర పని చేస్తా ఉన్నా. మురుగునీళ్లు శుద్ధి చేసి చెట్లకు వదులుతారు. ఆ నీళ్లలో ఉప్పు జాస్తి. డ్రిప్పర్ల నోట్లో తెల్లగా గడ్డ కడుతుంది. ఒక్కొక్కటే ఊడబీకి, సన్న సూదితో పొడిచి, కడిగి మళ్లీ బిగించాల. జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది కాబట్టి, చీకటితోనే మొదలుపెడతాం.

శుక్రవారం సెలవు. మదనపల్లె మామా నేనూ అల్ షహీద్ పార్కుకు పోతాం. 2015లో తెరిచారు దాన్ని. ఈ ఊరి చుట్టూ ఒకప్పుడు మట్టిగోడ ఉండేది. ఎడారి దిక్కు నుంచి దాడి జరుగుతుందన్న భయంతో 1920లో జనమంతా పూనుకుని కట్టుకున్నారు. ఊరు పెరిగినాక 1957లో పడగొట్టి, దర్వాజాలు మాత్రం మిగిల్చారు. గోడ పోయిన దారెంబడి చెట్లు పెంచారు. ఇప్పుడు పార్కు ఉండేది ఆ పచ్చదనంలోనే. అంటే మనం నడిచేది పాత ఊరి పొలిమేర మీద. లోపల రెండు మ్యూజియాలున్నాయి. ఒకటి యుద్ధాలది, ఇంకోటి ఈ నేల మొక్కలది, పక్షులది.

"మన తిరపతిలో అయితే ఈపాటికి సిమెంటు డాల్ఫిను పెట్టుంటారు గదరా అల్లుడూ" అన్నాడు మామ.

నిజమే. మనోళ్లకు సంస్కృతి అంటే రంగేసిన బొమ్మ. చిత్తూరు పక్క ఊళ్లలో ద్రౌపదమ్మ గుడి ముందర 18 రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. శివుడి కోసం అర్జునుడు తపస్సు చేసే కథ ఆడే రోజును తపసు అంటారు. ఆనాడు పొడుగాటి మాను పాతి, అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటా పైకెక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు ఇసిరితే, బిడ్డల్లేని ఆడోళ్లు కింద కొంగు పట్టి నిలబడతారు. ఆఖరి రోజు నేల మీద దుర్యోధనుణ్ణి మట్టితో పండబెట్టి, భీముడు తొడ పగలగొడతాడు. సాయంత్రం నిప్పుల గుండం. దీనికంతా కావాల్సింది ఒట్టి నేల. ప్లాట్లు మింగేస్తా ఉండేది దాన్నే.

అందుకే నన్నడిగితే మన పక్క పార్కులో లాను వద్దు, టైల్సు అసలే వద్దు. చుట్టూ గానుగ, వేప, నడుమ మట్టి మైదానం. మాను పాతేందుకు రాతికట్టుతో ఒక గుంత, మామూలు రోజుల్లో దానికి మూత. మిగతా కాలమంతా పిల్లోళ్లు క్రికెట్టు ఆడుకోనీ. ఒక మూల నాలుగు ఎర్రచందనం చెట్లు. శేషాచలం పక్కనే పుట్టినా, మనలో చానామంది దాన్ని పోలీసులు పట్టుకున్న దుంగలుగా పేపర్లోనే చూశారు మరి.

మామ అంతా విని, "ఆడోళ్లకు బాత్రూములు యాడ పెడతావు? రాత్రంతా నాటకం చూసేది వాళ్లే" అన్నాడు. గుండానికి దూరంగా, వెనక గేటు దగ్గర అని ఇసకలో గీత గీసి చూపించినా. "ఆడ లైట్లు గూడా రాయి" అన్నాడు.