క్షయ మందులు కాలేయాన్ని దెబ్బతీసినప్పుడు: నా అనుభవం

మెడ గ్రంథుల్లో వచ్చిన క్షయకు చికిత్స మొదలైన రెండో నెలలో నాకు ఆకలి పూర్తిగా మందగించింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ కలిపి వేసుకునేవారికి తొలి నెలల్లో కొంత వికారం మామూలే. అయితే మూత్రం రంగు ముదిరితే ఒక్క రోజు కూడా ఆగవద్దని వైద్యురాలు ముందే హెచ్చరించి ఉండటంతో, ఆ మార్పు కనిపించగానే రక్తపరీక్ష చేయించుకున్నాను. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైము సాధారణ గరిష్ఠ పరిమితికి ఐదు రెట్లు దాటింది. లక్షణాలుంటే మూడు రెట్లకే, లేకపోయినా ఐదు రెట్లకు మందులు ఆపాలన్నది నియమం కనుక అన్నీ వెంటనే ఆపించారు.

వైద్యురాలు నా రిపోర్టులో మొదట వెతికినది కామెర్లలో పెరిగే పసుపు పదార్థమైన బిలిరుబిన్‌ను. ఏఎల్‌టీ మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే, అటువంటి రోగుల్లో సుమారు 10 శాతం మందికి ప్రాణం మీదికి వస్తుందని కాలేయ నిపుణుడు హైమన్ జిమ్మర్‌మన్ గమనించాడట. నాకు బిలిరుబిన్ స్వల్పంగానే పెరిగింది. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ పరీక్షలు కూడా చేశారు. మందే కారణమని నేరుగా తేల్చే పరీక్ష లేదు కాబట్టి, మిగతా కారణాలను ఒక్కొక్కటిగా కొట్టివేయగా చివరికి మిగిలేది మందే.

కాలేయం తేరుకునేదాకా ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే ఎన్‌ఏటీ2 జన్యు పరీక్ష చేయించారు. ఐసోనియాజిడ్‌ను కాలేయంలో మార్చే ఎంజైముకు ఈ జన్యువే మూలం. తల్లి నుంచీ తండ్రి నుంచీ నెమ్మది రకమే వస్తే ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నా రెండు ప్రతులూ నెమ్మదివే. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. ఎన్‌ఏటీ2 ఎంజైము ఐసోనియాజిడ్‌కు ఎసిటైల్ అనే చిన్న రసాయన సమూహాన్ని తగిలిస్తుంది; దీన్నే ఎసిటైలేషన్ అంటారు. అలా మారిన మందు ఆ తరువాత విడిపోగా వచ్చే ఎసిటైల్‌హైడ్రజీన్‌ను సీవైపీ2ఈ1 అనే మరో ఎంజైము కాలేయ కణాలకు హానిచేసే పదార్థంగా మారుస్తుంది. అంటే ఎన్‌ఏటీ2 చురుకుగా పనిచేసేవారికే ముప్పు ఎక్కువ ఉండాలి. 1970లలో కొందరు పరిశోధకులు భావించినదీ అదే. కానీ అదే ఎన్‌ఏటీ2 ఆ ఎసిటైల్‌హైడ్రజీన్‌ను మరోసారి ఎసిటైలేట్ చేసి నిరపాయకరంగా మారుస్తుందని, ఈ రెండో పని మందగించినవారిలోనే విషపదార్థం పేరుకుంటుందని తరువాత తెలిసింది.

అలాగని ఆ రిపోర్టు నా భవిష్యత్తును తేల్చేసిందనుకోవడం సరికాదు. దక్షిణాసియాలో సగానికి పైగా జనం నా వంటివారే, వారిలో అత్యధికులు ఈ మందులను ఏ ఇబ్బందీ లేకుండా పూర్తిచేస్తారు. పైగా కాలేయాన్ని దెబ్బతీయగల మరో మందైన పైరజినమైడ్‌పై అనుమానాన్ని ఈ పరీక్ష ఏమాత్రం తగ్గించదు. నా దృష్టిలో దాని ఉపయోగం మోతాదును నిర్ణయించడంలో ఉంది: జపానులో జరిగి 2013లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, నెమ్మది రకం వారికి కిలో బరువుకు సాధారణంగా ఇచ్చే 5 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇవ్వగా కాలేయ నష్టం కనిపించలేదు, మామూలు మోతాదు అందుకున్న అదే రకం వారిలో మాత్రం ఎక్కువమందికి కనిపించింది.

ఏఎల్‌టీ రెండు రెట్ల లోపుకు దిగాక మందులను ఒక క్రమంలో తిరిగి ప్రవేశపెట్టారు. రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ ముందు. రక్తపరీక్ష నిలకడగా ఉందని చూసుకున్నాక ఐసోనియాజిడ్, అదీ చిన్న మోతాదుతో. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి మళ్లీ ఏఎల్‌టీ పెరిగితే తప్పు ఏ మందుదో తెలియదు కాబట్టి, విసుగు పుట్టించే ఈ నిదానం తప్పనిసరి. పైరజినమైడ్‌ను పూర్తిగా వదిలేశారు. అందువల్ల ఆరు నెలల చికిత్స తొమ్మిది నెలలయింది. నెమ్మది రకం వారికి నరాల తిమ్మిరి ముప్పు కూడా ఎక్కువ కనుక బీ6 విటమిన్ తోడయింది.

మా చెల్లెలికీ ఈ పరీక్ష చేయించాలా అని అడిగాను. తోబుట్టువు కాబట్టి ఆమెకూ ఇదే రకం ఉండే అవకాశం గణనీయమే అయినా, ఎన్‌ఏటీ2 మార్చే మందు వాడవలసి వచ్చేదాకా అవసరం లేదన్నారు. రక్తపోటుకు ఇచ్చే హైడ్రలజీన్ కూడా అటువంటిదేనట. అందుకని ఆ రిపోర్టు నకలును నా మందుల చీటీలతో పాటే ఉంచి, కొత్త వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు ముందుగా దాన్నే చూపిస్తున్నాను.