షుగర్ యాప్ నేను ఎందుకు వదిలేశానంటే

పోయిన ఏడాది జూన్‌లో నాకు షుగర్ ఉందని తెలిసింది. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూపించే హెచ్‌బిఎ1సి పరీక్షలో 8.4 వచ్చింది. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో టీచర్‌ని, 49 ఏళ్లు. మా అమ్మకీ ఉండేది కాబట్టి మరీ ఆశ్చర్యపోలేదు గానీ భయం మాత్రం వేసింది. డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ అనే మాత్ర రాసి, రోజూ నడవమన్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి వారాంతానికి వచ్చి, "అమ్మా, నువ్వు తిన్నది రాస్తే చాలు, మిగతాదంతా వాళ్లే చూసుకుంటారు" అంటూ నా ఫోన్లో ఒక యాప్ పెట్టి, నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యేలా చేసి వెళ్లాడు.

మొదటి రెండు వారాలు నిజంగా బాగుంది. జబ్బ మీద రూపాయి బిళ్లంత సెన్సర్ అంటించారు, 14 రోజులు పనిచేస్తుంది. దాని సన్నని తీగ రక్తంలో కాకుండా చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెర కొలుస్తుంది, అందుకే వేలు గుచ్చి చూసిన దానికంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ తిన్న రోజు ఫోన్లో చక్కెర చూపించే గీత 220 దాటి పైకి పోయింది. పెసరట్టు తిన్న రోజు 160 దగ్గరే ఆగింది. మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర ఎక్కువ తిని, వెంటనే స్టాఫ్ రూమ్‌లో కూర్చోకుండా గ్రౌండ్ చుట్టూ పావుగంట నడిస్తే ఎంత తేడా ఉందో కళ్లారా చూశాను. అమ్మ రోజుల నుంచి వింటున్న "అన్నం తగ్గించండి" అనే మాట అప్పుడు బుర్రకెక్కింది.

సెన్సర్ తీసేశాక మిగిలింది రాయడమే. యాప్ జాబితాలో ఓట్స్ ఏడు రకాలున్నాయి, దొండకాయ వేపుడు లేదు. ముద్దపప్పుని "దాల్" అని వెతకాలి, అదీ కప్పుల లెక్కలో. మనం వడ్డించుకునేది గరిటెలతో కదా. ఒక ఆదివారం కంచం ఫొటో తీసి, ఒక్కో కూరా వెతికి, కప్పులు ఊహించి రాస్తూ కూర్చున్నాను. మా ఆయన పెరుగన్నం కూడా తినేసి లేచేసరికి నా అన్నం చల్లారిపోయింది. ఇంతా రాస్తే తిరిగి వచ్చేది ఒక చప్పట్ల బొమ్మ. రెండు ఇడ్లీలు రాసినా, నాలుగు రాసినా అవే చప్పట్లు. యాప్ వాళ్ల కోచ్‌లు మూడు నెలల్లో ముగ్గురు మారారు. వచ్చిన ప్రతి అమ్మాయీ మర్యాదగానే మాట్లాడింది, కానీ ప్రతిసారీ నా కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది.

సెప్టెంబర్‌లో మా అత్తయ్యగారు పడిపోయి తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఆసుపత్రిలో 11 రోజులు నేనే ఉన్నాను. క్యాంటీన్లో ఏది దొరికితే అది తిన్నాను, మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానలేదు. ఇంటికొచ్చి యాప్ తెరిస్తే, మానకుండా రాసిన 74 రోజుల వరుస లెక్క సున్నా అయిపోయి ఉంది. కింద 23 మెసేజ్‌లు, అన్నీ "మీరు మీ లక్ష్యానికి దూరమవుతున్నారు" అనే ధోరణిలోనే. ఏమైంది, ఎందుకు రాయలేదు అని ఒక్కళ్లూ అడగలేదు. ఖాళీగా ఉన్న 11 రోజులూ ఎర్రగా కనిపిస్తున్నాయి. వాటిని అబద్ధాలతో నింపలేను, అలా చూస్తూ ఉండలేను. ఫోన్ పక్కన పెట్టేశాను. మళ్లీ తెరవలేదు.

ఆ సిగ్గు యాప్ దగ్గరే ఆగి ఉంటే పోనీ అనుకునేదాన్ని. డాక్టరుగారు కూడా ఇలాగే అంటారేమోనని సెప్టెంబర్‌లో చేయించాల్సిన రక్తపరీక్ష డిసెంబర్ దాకా వాయిదా వేశాను. అదే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా అబ్బాయి "డబ్బు కట్టాం కదమ్మా, కొంచెం ఓపిక పట్టాల్సింది" అన్నాడు. నాకే ఇలా అయిందా అని వెతికితే, 2005లోనే గుంథర్ ఐసెన్‌బాక్ అనే పరిశోధకుడు "లా ఆఫ్ అట్రిషన్" అనే పేరుతో దీని మీద వ్యాసం రాశారని తెలిసింది. ఇంటర్నెట్ ఆరోగ్య కార్యక్రమాల్లో చాలామంది మధ్యలో మానేయడం మామూలేనని, దాన్ని దాచకుండా ఎందుకు మానేస్తున్నారో చదవాలని ఆయన వాదన. అది చూశాక మనసు కాస్త తేలికపడింది.

ఇంకో విషయం, యాప్ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన డబ్బు కట్ అవడం ఆగదు. యూపీఐలో ఆటోపే జాబితాలోకి వెళ్లి విడిగా ఆపాలి. నాకది రెండు నెలల డబ్బు పోయాకే తెలిసింది. ఆపేటప్పుడు యాప్ వాళ్లు కారణం అడిగారు. టైమ్ లేదు, ఖరీదు ఎక్కువ, సాంకేతిక సమస్య, ఇతరం. "ఇతరం" నొక్కాను. రాయడానికి చోటు ఇవ్వలేదు.

డిసెంబర్ పరీక్షలో హెచ్‌బిఎ1సి 7.6 వచ్చింది. మధ్యలో రాయడం మానేశానని చెప్పి ఏడుపొచ్చినంత పనైంది. డాక్టరుగారు కోప్పడలేదు. "మాత్ర మానలేదు కదమ్మా, చాలు. రోజూ అక్కర్లేదు, వారానికి రెండు రోజులు, తినేముందు ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి చూడండి" అన్నారు. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో ఆ రెండు అంకెలూ, పక్కన ఏం తిన్నానో రాస్తున్నాను. "దొండకాయ వేపుడు, అన్నం 2 గరిటెలు" అని నా మాటల్లోనే. మార్చిలో 7.0.

పోయిన నెల మా చెల్లెలి కూతురి పెళ్లికని తొమ్మిది రోజులు ఏమీ చూడలేదు, ఏమీ రాయలేదు. పదో రోజు పొద్దున్నే లేచి పరగడుపున వేలు గుచ్చి చూస్తే 148. పెన్ను తీసుకుని రాసుకున్నాను.