తెల్లకాగితం మీద రాసిన దరఖాస్తు

నేను 11 ఏళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. మా ఆయనకు ఆటో ఉంది. పొద్దున, సాయంత్రం స్కూలు పిల్లల ట్రిప్పులు, మధ్యలో దొరికిన కిరాయి. నా జీతం 9,000. ఇంట్లోకి వచ్చే రూపాయి ఎటు తిరిగినా బడి దగ్గర నుంచే వచ్చేది. 2020 మార్చి 16 నుంచి తెలంగాణలో బడులు మూసేస్తే మా ఇద్దరి సంపాదనా ఒకే రోజు ఆగిపోయింది.

ఆ ఏడాదిన్నరలో పిల్లల చదువు ఆగకుండా ఎలా నెట్టుకొచ్చామో, ఎక్కడ ఏ కాగితం అడిగారో, ఎవరెవరు ఆదుకున్నారో రాసిపెట్టుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. మొన్న మా అమ్మాయి పదో తరగతి పాసైతే టీసీ తేవడానికి బడికి వెళ్లాను. అక్కడ కనిపించిన ఒక కాగితం వల్ల ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మొదటి నెల చేతిలో ఉన్నదానితో గడిచింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. మా కార్డులో ముగ్గురి పేర్లే ఉన్నాయి. బాబు పేరు ఎక్కించమని పెట్టుకున్న అర్జీ అప్పటికి మూడేళ్లుగా పెండింగ్‌లోనే ఉంది. అందుకని నలుగురం ఉన్నా 36 కిలోలే వచ్చాయి. రేషన్ షాపు ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీశారు, మనిషికీ మనిషికీ దూరం ఉండాలని. ఒక గుండ్రంలో సంచి పట్టుకుని నిలబడ్డాను. కొంగు ముక్కు మీదికి లాక్కున్నాను. కరోనా భయం కొంత, ఎవరైనా గుర్తుపడతారేమో అన్న భయం కొంత. ముందున్నామె వెనక్కి తిరిగింది. నా దగ్గర చదువుకున్న పిల్ల తల్లి. "మేడం, ఎండల ఎందుకు నిలవడ్డరు, నా జాగలకు రాండ్రి, ఈడ నీడుంది" అని తన చోటు నాకిచ్చి తను ఎండలోకి జరిగింది. ఇంకేమీ అడగలేదు. బడి గేటు దగ్గర ఎంత మర్యాదగా మాట్లాడేదో అక్కడా అలాగే మాట్లాడింది. నా సిగ్గు సగం ఆ రోజే పోయింది.

మిగతా సగం పోవడానికి టైం పట్టింది.

మా స్కూల్లో ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టినప్పుడు 14 మంది టీచర్లలో ఐదుగురినే పిలిచారు. నన్ను పిలవలేదు. మా పిల్లలిద్దరూ అక్కడే చదివేవాళ్లు. స్టాఫ్ పిల్లలని సగం ఫీజు. పాప ఏడుకొచ్చింది, బాబు నాలుగుకు. ఫీజులు పెంచకూడదనీ, ట్యూషన్ ఫీజు ఒక్కటే నెలనెలా తీసుకోవాలనీ ప్రభుత్వం ఏప్రిల్‌లోనే జీవో 46 ఇచ్చింది. కానీ నెలనెలా కట్టాలంటే నెలనెలా జీతం రావాలి కదా. రెండు నెలలు చూసి మా పిల్లలను క్లాసు గ్రూపులోంచి తీసేశారు. ఆ పొద్దున పాప యూనిఫాం చొక్కా వేసుకుని, జడలు వేసుకుని ఫోన్ ముందు కూర్చుంది. "అమ్మా, ఇవాళ లింకు పెట్టలేదు" అంది. పెట్టారు. మాకు రాలేదంతే. స్కూలు వాళ్లకూ బిల్డింగు అద్దె ఉంది, బ్యాంకు కిస్తీలు ఉన్నాయి, అది నాకు తెలుసు. అయినా పిల్లలను అలా తీసేయడం తప్పేనని ఈరోజుకీ అంటాను.

ఆగస్టు చివరి వారంలో సర్కారు బడుల టీచర్లు డ్యూటీలో చేరారు. సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు రాబోతున్నాయి. మా వీధికి జిల్లా పరిషత్ హైస్కూల్ నుంచి ఇద్దరు టీచర్లు లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. ఇంట్లో టీవీ ఉందా, కేబులా డిష్షా, ఫోన్ పగలు ఎవరి దగ్గర ఉంటుంది, టీవీ లేకపోతే పక్కింట్లో చూడనిస్తారా... ఇంటింటికీ ఇవే అడిగి రాసుకుంటున్నారు. మా పిల్లలు వాళ్ల బడి పిల్లలు కాదు కాబట్టి మా ఇల్లు దాటి వెళ్లిపోయారు. గడపలో నిలబడి చూస్తున్నాను. నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వీధి చివరిదాకా వెళ్లాక వెనకాలే పోయి అడిగాను: "సార్, మా పిల్లలను మీ బడిలో చేర్చుకుంటారా? టీసీ లేదు."

మర్నాడు హెడ్‌మాస్టర్ దగ్గరికి రమ్మన్నారు. పిల్లలు ఆయన్ను పెద్దసారు అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. ఫీజు బాకీ 11,500 కడితేనే టీసీ ఇస్తామంటున్నారని చెప్పాను. ఆయన అలమారాలోంచి విద్యాహక్కు చట్టం పుస్తకం తీసి, 5వ సెక్షన్ దగ్గర వేలు పెట్టి నన్నే చదవమన్నారు. పిల్లలు సర్కారు బడికి మారతామంటే పాత బడి హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఇది 2009 చట్టం, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి దాకా. పదకొండేళ్లు పాఠాలు చెప్పినా నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. టీసీ లేకపోతే చదువు ఆగినట్టేనని తల్లిదండ్రులు భయపడి అప్పు చేసి ఫీజు కట్టడం నా కళ్లతో చూశాను.

"ఒక తెల్లకాగితం మీద రాసియ్యండి మేడం, మిగతాది నేను చూసుకుంట" అన్నారు. ఆయన టేబుల్ మూలనే కూర్చుని రాశాను. ఫలానా స్కూల్లో ఆరో తరగతి పూర్తయింది, ఏడులో చేర్చుకోగలరు, టీసీ అందగానే సమర్పించగలను. దానికి ఆధార్ జిరాక్స్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, పోయిన ఏడాది ప్రోగ్రెస్ కార్డు, రెండు ఫొటోలు జతచేశాను. బాబు కోసం పక్కనే ఉన్న ప్రైమరీ స్కూల్లో ఇలాంటిదే ఇంకొకటి. ఇప్పుడు ఎవరికైనా ఈ అవసరం పడితే ఒక్క మాట చెబుతాను. దరఖాస్తు రెండు కాపీలు రాయండి, మీ కాపీ మీద బడి స్టాంపు, తేదీ వేయించుకోండి. తర్వాత నాకు పనికొచ్చింది అదే.

ఎందుకంటే చేర్చుకోవడం ఒక రోజులో అయింది గానీ ఆన్‌లైన్‌లో పేరు ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. పాత స్కూలు తన లిస్టులోంచి పేరు వదిలితే గానీ కొత్త బడి లిస్టులో ఎక్కదు. మూడుసార్లు తిరిగాను. ఒకసారి క్లర్క్ లేడన్నారు, ఒకసారి సైట్ పనిచేయట్లేదన్నారు, మూడోసారి బాకీ సంగతి తేల్చమన్నారు. పెద్దసారు మండల విద్యాధికారికి (ఎంఈవోకు) లెటర్ రాశారు. నా స్టాంపు కాపీ జతచేశాం. అక్కడి నుంచి స్కూలుకు ఫోన్ వెళ్లాక 2021 జనవరిలో పేర్లు మారాయి. అప్పటిదాకా మా పిల్లలు లెక్కలో లేనివాళ్లే. అయినా బడిలో ఉన్న పాత పుస్తకాల్లోంచి ఒక సెట్టు తీసి అట్టలు వేసి ఇచ్చారు. వర్క్‌షీట్లు అందరితో పాటే ఇచ్చారు.

టీవీ పాఠాలు అనుకున్నంత సులువుగా సాగలేదు. మా కేబుల్‌లో యాదగిరి వచ్చేది, టీశాట్ వచ్చేది కాదు. ఫోన్‌లో చూద్దామంటే ఉన్నది ఒక్క ఫోన్. కిరాయిల కోసం అది మా ఆయన జేబులో ఉండాలి. పక్కింటి పెద్దమ్మకు డిష్ ఉంది. ఆమె అడక్కుండానే టీవీని హాల్లోంచి వరండాలోకి మార్పించింది, పిల్లలు బయట గాలికి దూరదూరంగా కూర్చుంటారని. ఆ ఏడాదంతా ఆ టీవీ అక్కడే ఉంది.

అక్టోబర్‌లో పెద్దసారు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ అరుగు మీద మీ గల్లీ పిల్లలు ఓ ఆరేడుగురిని కూర్చోబెట్టుకుంటరా? పాఠం టీవీల వస్తది. అడగనీకి మనిషి కావాలె" అన్నారు. జీతం ఇవ్వలేమని ఆయనే ముందు చెప్పారు. నేను ఒప్పుకున్నాను. ఏడు నెలలుగా చేతికి చాక్‌పీస్ అంటలేదు. గల్లీ కుర్రాళ్లు మా గోడకు రెండు గజాల మేర నల్లరంగు వేసిపెట్టారు.

ఆ పిల్లల్లో ఐదో తరగతి బాబు ఒకడుండేవాడు. మొదటి రోజు నోట్సు ఖాళీగా పట్టుకొచ్చాడు. ఏం రాసుకోలేదేమని అడిగితే, "టీవీల సారు ఆగుతలేడు మేడం" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు. వాడికి అర్థం కాకపోవడం కాదు, ఆ వేగం అందలేదు. టీవీలో సార్ చెప్పిన లెక్కనే మళ్లీ గోడ మీద చేసుకుంటూ వచ్చాం, వాడు రాసుకునేదాకా ఆగి.

పత్తి తీసే రోజులొచ్చాయి. వాడు రావడం మానేశాడు. బడులు లేవు కదా, పిల్లలంతా పత్తి చేలల్లోనే. హైస్కూల్ టీచర్, నేను కలిసి సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. తల్లిని ఏమనగలం? ఆమె కష్టం మా కష్టం కంటే పెద్దది. పొద్దున చేనుకు వెళ్లినా సాయంత్రం ఆరింటికి అరుగు మీదికి పంపేలా ఒప్పందం చేసుకున్నాం. దశాంశాలు చెప్పాల్సి ఉంటే వాడి పత్తి లెక్కే తీసుకున్నాను. కిలోకు 8 రూపాయలు, అమ్మ ఆ రోజు ఏరింది 43.5 కిలోలు. వాడు రెండుసార్లు చేశాడు. 348 వచ్చింది. అమ్మకు ఇచ్చింది 340. మర్నాడు తల్లీకొడుకులు వెళ్లి ఆ 8 రూపాయలు అడిగి తెచ్చుకున్నారు. నా 11 ఏళ్ల ఉద్యోగంలో నేను చెప్పిన లెక్క ఒక ఇంటికి డబ్బు తెచ్చిపెట్టడం అదే మొదటిసారి చూశాను.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మార్చి 24 నుంచి మళ్లీ అన్నీ మూత. నాతో పనిచేసిన టీచర్లలో ఒకరు ఉపాధి హామీ పనికి వెళ్తున్నారు, ఒకరు ఇడ్లీ బండి పెట్టుకున్నారు. నేను మహిళా సంఘంలో అప్పు తీసుకుని మాస్కులు కుట్టాను.

ఏప్రిల్ 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రైవేటు టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించారు. గుర్తింపు ఉన్న స్కూలు అయి ఉండాలి, వివరాలు స్కూలు ద్వారానే వెళ్లాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, రేషన్ షాపు నంబరు రాసివ్వాలి. గడువు నాలుగైదు రోజులే. స్కూలుకు పోతే లిస్టులో నా పేరు లేదు. నాలాంటి వాళ్లం నలుగురం తేలాం. రికార్డుల్లో టీచర్లను తక్కువ చూపించారు. జీతం చేతికే ఇచ్చేవాళ్లు కాబట్టి బ్యాంకులో ఆధారం లేదు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు.

రాత్రంతా టెన్షన్. పొద్దున్నే పాప తన పాత ప్రోగ్రెస్ కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మా, ఇందులో నీ సంతకం ఉంది కదా." క్లాస్ టీచర్ గడిలో నా సంతకం, పక్కనే స్కూలు ముద్ర. మేం నలుగురం మా పాత విద్యార్థుల ఇళ్లకు వెళ్లి ప్రోగ్రెస్ కార్డులు అడిగాం. ఎవరూ లేదనలేదు. ఒక తల్లి కార్డుతో పాటు వచ్చి తనూ చెబుతానంది. 19 కార్డులు పట్టుకుని ఎంఈవో ఆఫీసుకు, అక్కడి నుంచి స్కూలుకు వెళ్లాం. చివరి రోజు సాయంత్రం పేర్లు ఎక్కించారు.

నెలాఖరుకు ఖాతాలో 2,000 పడ్డాయి. బియ్యం అదే రేషన్ షాపులో, ఈసారి సన్నబియ్యం. "మేడం, మీ పేరు లిస్టుల ఉన్నది" అని డీలరన్న పైకే పిలిచి చెప్పాడు. ఈసారి కొంగు లాక్కోలేదు. మా స్కూలు ఆయమ్మ పేరు మాత్రం ఎంత తిరిగినా ఎక్కలేదు. నలుగురం తలా ఐదు కిలోలు ఆమె ఇంట్లో పోసి వచ్చాం. మేలో మళ్లీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకే బయటికి పోనిచ్చేవారు. ఆ నాలుగు గంటల్లోనే మా ఆయన ఆటోలో ఐదిళ్ల బియ్యం మోశాడు, కిరాయి తీసుకోకుండా.

సెప్టెంబర్ 1న బడులు తెరిచాక నాకు వేరే స్కూల్లో పని దొరికింది. జీతం తక్కువే. పిల్లలను మాత్రం సర్కారు బడి నుంచి మార్పించలేదు. పాత స్కూలు వాళ్లు ఆ ఏడాది డిసెంబర్‌లో సగం బాకీ కట్టించుకుని టీసీలు ఇచ్చారు.

మొన్న హైస్కూల్లో పాప టీసీ పది నిమిషాల్లో రాసిచ్చారు. పాత పెద్దసారు రిటైరయ్యారు, కొత్త సార్ ఉన్నారు. అడ్మిషన్ ఫైలు తిప్పుతుంటే నా తెల్లకాగితం బయటపడింది. నా అక్షరాలే, కింద స్టాంపు. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో పాత పెద్దసారు రాసిన ఒక్క మాట: "చేర్చుకోండి." దాని కింద తేదీ, సంతకం. "ఇది మీకు కావాలా మేడం?" అని కొత్త సార్ అడిగారు. ఆఫీసు కాగితం కదా, జిరాక్స్ చాలన్నాను.